పుట్టుకతోనే గాలిదారి ఇరుకైన పసిబిడ్డ: మత్తు గురించి, ఆపరేషన్ గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసినది

ఒక కాన్పు గదిని ఊహించుకుందాం. నెలలు నిండి పుట్టిన ఆడబిడ్డ. బరువు 2.8 కిలోలు. పుట్టగానే ఏడ్చింది. అందరూ సంతోషించారు. బిడ్డ గడ్డం బాగా చిన్నదిగా, లోపలికి ఉంది. "వాళ్ళ తాత పోలిక" అని నవ్వుకున్నారు. రెండు గంటలు గడిచాయి. వెల్లకిలా పడుకోబెడితే బిడ్డ డొక్కలు ఎగరేస్తోంది, గురక వస్తోంది, పెదవులు నీలంగా మారుతున్నాయి. ఎత్తి భుజాన వేసుకోగానే మళ్ళీ మామూలు రంగుకు వస్తోంది. రొమ్ము పట్టిస్తే పాలు ముక్కులోంచి కారుతున్నాయి. "గ్రహణం నాడు కూరలు తరగొద్దంటే విన్నావా అమ్మాయీ?" అని అత్తగారు అంటోంది. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్కడున్న నర్సు మాత్రం వెంటనే ఒక పని చేసింది. బిడ్డను బోర్లా తిప్పి, ముఖం పక్కకు ఉంచి, డాక్టరును పిలిచింది. ఆ బిడ్డకు జరిగిన మొదటి వైద్యం అదే.

ఇలాంటి బిడ్డలకు ఆపరేషన్ కన్నా ముందు కావలసినది గాలిదారి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి వెళ్ళే మార్గాన్నే ఇక్కడ గాలిదారి అంటున్నాం. దానిని కాపాడే పని ఆపరేషన్ థియేటర్‌లో మొదలు కాదు, కాన్పు గదిలోనే, తల్లి ఒడిలోనే మొదలవుతుంది. మత్తు డాక్టరు చేసేది ఆ పనికి కొనసాగింపు. ఈ పాఠంలో ఆ రెండింటినీ కలిపి తెలుసుకుందాం.

పసిబిడ్డ ఊపిరికి, మన ఊపిరికి తేడా ఏమిటి?

మనకు ముక్కు దిబ్బడ వేస్తే నోటితో గాలి పీల్చుకుంటాం. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ అలవాటు ఉండదు. మొదటి కొన్ని నెలలు బిడ్డ ముఖ్యంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. నోటితో గాలి లోపలికి పోవాలంటే సాధారణంగా ఏడవాలి.

పసిబిడ్డ తల పెద్దది, మెడ పొట్టిది. దిండు పెడితే తల ముందుకు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గాలిదారి మూసుకుంటుంది. నాలుక కూడా నోటితో పోలిస్తే పెద్దదే.

శ్వాసనాళం చాలా సన్నగా ఉంటుంది. దాని వెడల్పు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపల చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లే. వెడల్పు సగమైతే దారి వైశాల్యం నాలుగో వంతుకు తగ్గిపోతుంది. పెద్దవారికి అంతే వాపు వస్తే గొంతు బొంగురు పోవచ్చు. బిడ్డకైతే ఊపిరే కష్టమవుతుంది.

బరువును బట్టి చూస్తే పసిబిడ్డకు మనకన్నా సుమారు రెండింతల ఆక్సిజన్ కావాలి. కానీ ఊపిరితిత్తుల్లో నిలవ ఉండేది తక్కువ. ఊపిరి ఆగితే ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికి, ముందుగా ఆక్సిజన్ ఇచ్చి ఉంటే, కొన్ని నిమిషాల గడువు ఉంటుంది. పసిబిడ్డకు ముందుగా ఆక్సిజన్ ఇచ్చినా గడువు ఒకటి రెండు నిమిషాలకు మించదు. అందుకే ఈ విషయంలో తొందరపాటూ పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు.

గాలిదారి ఎక్కడెక్కడ అడ్డుపడవచ్చు?

1. ముక్కు వెనుక: ముక్కు రంధ్రాలు గొంతులోకి తెరుచుకునే చోట ఎముకో పొరో అడ్డుగా ఉండిపోవచ్చు. రెండు వైపులా మూసుకుంటే బిడ్డ ఊరుకున్నప్పుడు నీలంగా మారుతుంది, ఏడిస్తే మామూలు రంగుకు వస్తుంది. మళ్ళీ ఊరుకోగానే నీలం. "ఏడిస్తే బాగుంటోంది, ఊరుకుంటే నీలమవుతోంది" అని మీకు అనిపిస్తే వెంటనే డాక్టరుకు ఇదే మాట చెప్పండి. మెత్తని సన్నని గొట్టం ముక్కులో వేసి చూస్తే అది గొంతులోకి దిగదు. తక్షణ ఉపాయం నోరు తెరిచి ఉంచే చిన్న గొట్టం పెట్టడమే. ఒక్క వైపే మూసుకుంటే చాలా కాలం ఎవరూ గుర్తించకపోవచ్చు.

2. దవడ దగ్గర: కింది దవడ చిన్నదైతే నాలుక వెనక్కు జారి గొంతుకు అడ్డుపడుతుంది. చాలామందిలో అంగిలి కూడా చీలి ఉంటుంది. ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ రోబిన్ 1923లో దీనిని వివరించడం వల్ల దీనికి ఆయన పేరు వచ్చింది. మన కథలోని బిడ్డ సమస్య ఇదే.

3. స్వరపేటిక దగ్గర: స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి, గాలి పీల్చినప్పుడల్లా లోపలికి ముడుచుకుంటుంది. గాలి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తుంది. పసిబిడ్డల్లో ఇలాంటి శబ్దానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. చాలామందికి రెండేళ్ళలోపు దానంతట అదే తగ్గుతుంది. పాలు తాగలేక బరువు పెరగకపోయినా, నీలంగా మారినా మాత్రం చికిత్స అవసరం.

4. శ్వాసనాళం, అన్నవాహిక కలిసిపోవడం: అన్నవాహిక మధ్యలో తెగిపోయి, కింది ముక్క శ్వాసనాళంలోకి తెరుచుకుని ఉంటుంది. బిడ్డ నోట్లోంచి నురగలు ఆగకుండా వస్తాయి. పాలు పడితే పొలమారి నీలంగా మారుతుంది. నోటి ద్వారా వేసిన గొట్టం సుమారు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈ బిడ్డకు పాల చుక్క కూడా నోటితో ఇవ్వకూడదు.

కాన్పుకు ముందే కొన్ని సూచనలు దొరకవచ్చు. ఉమ్మనీరు మరీ ఎక్కువగా ఉందన్నా, 18 నుంచి 20 వారాల్లో చేసే స్కానింగ్‌లో మెడ దగ్గర గడ్డ ఉందన్నా, దవడ చిన్నదిగా ఉందన్నా, పసిపిల్లల సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోవాలి. మెడలో పెద్ద గడ్డ ఉంటే, సిజేరియన్‌లో బిడ్డ తల, భుజాలు మాత్రమే బయటకు తీసి, బొడ్డుతాడు ద్వారా తల్లి నుంచి ఆక్సిజన్ అందుతూ ఉండగానే బిడ్డకు శ్వాస గొట్టం వేసే పద్ధతి కూడా ఉంది. అది ముందే తెలిస్తేనే సాధ్యం.

ఇది ఎవరి తప్పు?

ఎవరి తప్పూ కాదు. గర్భం దాల్చిన తొలి వారాల్లో బిడ్డ దవడ సరిగా ఎదగకపోతే నాలుకకు చోటు చాలదు. అది పైనే ఉండిపోతుంది. రెండు పక్కల నుంచి వచ్చి కలవవలసిన అంగిలికి మధ్యలో నాలుక అడ్డుపడుతుంది. అందువల్ల అంగిలి చీలిపోతుంది. అంగిలి కలవడం సుమారు 8 నుంచి 12 వారాల మధ్య పూర్తి కావాలి. తరువాత ఎప్పుడో వచ్చిన గ్రహణానికి, కత్తిపీటకు దీనితో సంబంధం లేదు. కొందరిలో జన్యువుల మార్పు కారణం. ఇలాంటి బిడ్డల్లో కొందరికి కంటిచూపు, వినికిడి సమస్యలు కూడా ఉంటాయి కనుక ఆ పరీక్షలు తప్పక చేయించాలి. తల్లిని నిందించినందువల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు. పాలు పిండి ఇవ్వవలసిన తల్లి కుమిలిపోతే నష్టపోయేది బిడ్డే.

ఆసుపత్రికి చేరేలోపు ఏమి చేయాలి?

దవడ చిన్నదైన బిడ్డను పక్కకు గానీ బోర్లా గానీ తిప్పండి. అప్పుడు నాలుక బరువుకు ముందుకు వస్తుంది. ముక్కు, నోరు కనబడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, ఒకరు కళ్ళార్పకుండా చూస్తూ ఉండాలి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: ఇది ఈ బిడ్డలకు మాత్రమే, అదీ డాక్టరు సలహా మీదనే. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డలను ఎప్పుడూ వెల్లకిలానే నిద్రపుచ్చాలి.

నురగలు కక్కే బిడ్డను తల వైపు ఎత్తుగా ఉంచి, నోట్లోని నురగను తీస్తూ ఉండాలి.

తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, ఉగ్గు ఏదీ పోయకండి. మామూలు బిడ్డకే ఇవి మంచివి కావు. ఈ బిడ్డకైతే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాంబ్రాణి పొగ వేయకండి. నిద్ర రావడానికని, జలుబుకని ఏ సిరప్పూ సొంతంగా ఇవ్వకండి. మత్తు కలిగించే మందు ఏదైనా గొంతు కండరాలను సడలించి, ఉన్న కాస్త దారినీ మూస్తుంది.

బిడ్డను వెచ్చగా ఉంచండి. చలికి బిడ్డకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. 108కు ఫోన్ చేసి, "పుట్టిన బిడ్డ, ఊపిరి ఇబ్బంది" అని స్పష్టంగా చెప్పండి. ఆటోలో, బస్సులో బయలుదేరితే దారిలో ఆక్సిజన్ ఉండదు. వెళ్ళే ఆసుపత్రికి ముందే ఫోన్ చేయించండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం జబ్బుపడిన నవజాత శిశువులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం, ఉచిత రవాణా కల్పించడానికి ఉద్దేశించినది.

అందరికీ ఆపరేషన్ అవసరమా?

అవసరం లేదు. దవడ చిన్నదైన బిడ్డల్లో చాలామందికి బోర్లా పడుకోబెట్టడంతోనే ఊపిరి కుదుటపడుతుంది. అది చాలకపోతే ముక్కులోంచి గొంతు దాకా మెత్తని గొట్టం వేసి నాలుక వెనుక దారి తెరిచి ఉంచుతారు. పిండిన తల్లిపాలు సన్నని గొట్టం ద్వారా గానీ, ప్రత్యేకమైన సీసాతో గానీ పడతారు. బిడ్డ పెరిగేకొద్దీ చాలామందిలో దవడ కూడా కొంత పెరుగుతుంది. వీటికీ లొంగకపోతే నాలుకను ముందుకు కుట్టడం, దవడ ఎముకను కోసి రోజుకు కొద్దికొద్దిగా పొడిగించడం వంటి ఆపరేషన్లు ఉన్నాయి. ఏ దారీ లేనప్పుడు గొంతు కింద రంధ్రం చేసి గొట్టం అమరుస్తారు. దీనిని ట్రేకియాస్టమీ అంటారు. అంగిలి చీలికను సాధారణంగా ఏడాది వయసు అటూ ఇటూగా కుడతారు.

ముక్కు రెండు వైపులా మూసుకున్నా, అన్నవాహిక తెగి ఉన్నా ఆపరేషన్ తప్పదు. అన్నవాహికను ఒకే ఆపరేషన్‌లో విజయవంతంగా కలిపినది 1941లో, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో, డాక్టర్ కామెరాన్ హైట్. అంతకు ముందు ఈ లోపంతో పుట్టిన బిడ్డలు దాదాపు ఎవరూ బతికేవారు కాదు. నేడు మంచి వసతులున్న చోట, వేరే పెద్ద లోపాలు లేని బిడ్డల్లో పదిమందికి తొమ్మిదిమందికి పైగా బతుకుతున్నారు.

మత్తు డాక్టరు ఏమి చేస్తారు?

మామూలు బిడ్డకు మత్తు ఇచ్చేటప్పుడు నిద్రమందు, కండరాలు సడలే మందు ఇస్తారు. బిడ్డ సొంత ఊపిరి ఆగుతుంది. మాస్కుతో ఊపిరి అందిస్తూ, నోటి ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. నెలలు నిండిన బిడ్డకు ఈ గొట్టం లోపలి వెడల్పు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు ఉంటుంది.

గాలిదారి ఇరుకైన బిడ్డకు ఇదే పద్ధతి ప్రమాదం కావచ్చు. కండరాలు సడలితే నాలుక ఇంకా వెనక్కు పడుతుంది. మాస్కుతో గాలి పోకపోవచ్చు. దవడ చిన్నది కనుక స్వరపేటిక కనబడకపోవచ్చు. అందువల్ల ఇక్కడ సాధారణంగా పాటించే సూత్రం ఇది: గొట్టం సరిగా పడే దాకా బిడ్డ సొంత ఊపిరిని చెడగొట్టకూడదు.

దీనికోసం మత్తు డాక్టరు సాధారణంగా ఇలా చేస్తారు. థియేటర్‌ను ముందే వెచ్చబరుస్తారు. భుజాల కింద చిన్న గుడ్డ మడత పెట్టి తలను సరిచేస్తారు. వేలికో పాదానికో పల్స్ ఆక్సీమీటరు తగిలించి, ఆక్సిజన్ ఇస్తూనే ఉంటారు. సెవోఫ్లూరేన్ వంటి పీల్చే మత్తుమందును కొద్దికొద్దిగా ఇస్తారు. బిడ్డ తానే ఊపిరి తీస్తూ నిద్రలోకి జారుకుంటుంది. ఇబ్బంది వస్తే మందు ఆపగానే తేరుకుంటుంది.

అప్పుడు కెమెరా ఉన్న లారింగోస్కోపుతో గొంతులోకి చూస్తారు. కనబడకపోతే లారింజియల్ మాస్క్ అనే మెత్తని సాధనాన్ని గొంతులో అమరుస్తారు. 1980లలో బ్రిటిష్ మత్తు వైద్యుడు ఆర్చీ బ్రెయిన్ దీనిని రూపొందించారు. 5 కిలోల లోపు బిడ్డకు దీని 1వ నంబరు సైజు సరిపోతుంది. దాని గుండా సన్నని ఫైబర్ ఆప్టిక్ స్కోపును శ్వాసనాళంలోకి పంపి, దారం మీద పూస జారినట్టు, దాని మీదుగా గొట్టాన్ని దింపుతారు. ఇవేవీ కుదరకపోతే ట్రేకియాస్టమీ చేయడానికి సర్జన్ పక్కనే సిద్ధంగా ఉంటారు. మొదటి ఉపాయం, రెండవది, మూడవది అన్నీ బిడ్డను ముట్టుకోకముందే అందరూ చెప్పుకుంటారు. ఒకే పద్ధతిని పట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించరు. ప్రయత్నించిన ప్రతిసారీ వాపు పెరుగుతుంది. 1 మిల్లీమీటరు వాపు ఎంత పని చేస్తుందో పైన చూశాం.

అన్నవాహిక శ్వాసనాళంతో కలిసిన బిడ్డలో మరో చిక్కు ఉంది. గట్టిగా గాలి ఊదితే అది ఊపిరితిత్తులకు పోకుండా కడుపులోకి పోయి పొట్ట ఉబ్బుతుంది. అందుకే గొట్టం కొసను ఆ రంధ్రం దాటి నిలిపి, మెల్లగా ఊపిరి అందిస్తారు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ఇంత చిన్నబిడ్డకు మత్తు అవసరమా? నొప్పి తెలుస్తుందా?

తెలుస్తుంది. ఒకప్పుడు పసిబిడ్డలకు నొప్పి అంతగా తెలియదనుకుని చాలా తక్కువ మత్తుతో ఆపరేషన్లు చేసేవారు. భారతీయ సంతతికి చెందిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసి 1987లో ప్రచురించిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని మార్చింది. సరైన మత్తు, నొప్పి మందు ఇస్తే బిడ్డలు ఆపరేషన్‌ను మెరుగ్గా తట్టుకుంటారని తేలింది.

మత్తు వల్ల బుద్ధి మందగిస్తుందా?

మూడేళ్ళ లోపు పిల్లలకు 3 గంటలకు మించిన మత్తు గానీ, పలుమార్లు మత్తు గానీ ఇచ్చేటప్పుడు ఆలోచించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. గంటలోపు ఒక్కసారి మత్తు తీసుకున్న పసిపిల్లలను ఐదేళ్ళ వయసులో పరీక్షించిన పెద్ద అధ్యయనం 2019లో వెలువడింది. అందులో తెలివితేటల్లో తేడా కనబడలేదు. వాయిదా వేయగలిగిన ఆపరేషన్‌ను వాయిదా వేయవచ్చు. ఊపిరి కోసం చేసే ఆపరేషన్‌ను వాయిదా వేయకూడదు. ఆక్సిజన్ అందకపోవడమే మెదడుకు అన్నిటికన్నా పెద్ద హాని.

ఆకలికి ఏడుస్తుంటే కాసిని పాలు పడితే ఏమి?

మత్తులో పాలు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చివరిసారి ఎన్నింటికి పాలు పట్టాలో మత్తు డాక్టరు చెప్తారు. పొరపాటున తరువాత పట్టి ఉంటే దాచకండి, చెప్పండి. మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కు జరుగుతుంది, అంతే.

ఆపరేషన్ అయ్యాక గొట్టం వెంటనే తీయరెందుకు?

వాపు తగ్గాలి, బిడ్డ పూర్తిగా మేలుకోవాలి. తొందరపడి తీస్తే మళ్ళీ వేయడం మొదటిసారికన్నా కష్టం. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు, వెంటిలేటర్ మీద ఉంచారంటే పరిస్థితి విషమించిందని అనుకోకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు మత్తు తరువాత ఊపిరి మరచిపోయే ప్రమాదం ఉంది కనుక వారిని ఇంకా జాగ్రత్తగా గమనిస్తారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు

డిశ్చార్జికి ముందు మూడు పనులు చేయండి. మొదటిది, బిడ్డను ఎలా పడుకోబెట్టాలో, పాలు ఎలా పట్టాలో, ఊపిరి ఆగితే ఏమి చేయాలో నర్సు ముందు మీ చేతులతో చేసి చూపించండి. తల్లితో పాటు ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకోవాలి. రెండవది, "ఈ బిడ్డకు శ్వాస గొట్టం వేయడం కష్టమైంది, ఫలానా సాధనంతో, ఫలానా సైజుతో వేశాం" అని మత్తు డాక్టరు చేత రాయించుకోండి. ఆ కాగితాన్ని టీకాల కార్డుతో కలిపి భద్రపరచండి. అంగిలి ఆపరేషన్‌కైనా, రేపు మరే చిన్న ఆపరేషన్‌కైనా అది ముందుగా చూపండి. కొత్త డాక్టరుకు ఆ నాలుగు వాక్యాలు బిడ్డ ప్రాణంతో సమానం. మూడవది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గురించి ఆశా కార్యకర్తను అడగండి. పుట్టుకతో వచ్చే గ్రహణం మొర్రి, అంగిలి చీలిక వంటి లోపాలను గుర్తించి చికిత్సకు పంపడం అందులో భాగం.

గుర్తుంచుకోండి

1. డొక్కలు ఎగరేయడం, నీలంగా మారడం, ఆగని నురగ, ముక్కులోంచి పాలు రావడం కనిపిస్తే ఉదయం దాకా ఆగకండి.
2. కారణం తేలేదాకా నోటితో ఏమీ పోయకండి.
3. గడ్డం చిన్నగా ఉండి ఊపిరి కష్టమైతే బిడ్డను పక్కకు లేదా బోర్లా తిప్పి, కనిపెట్టుకుని ఉండండి.
4. పాలు పట్టిన సమయాన్ని మత్తు డాక్టరుకు నిజంగా చెప్పండి.
5. గొట్టం వేయడం కష్టమైందన్న కాగితాన్ని పోగొట్టకండి.
6. తల్లిని నిందించకండి.

మన కథలోని బిడ్డకు కత్తి పడకుండానే, బోర్లా పడుకోబెట్టడంతో, పిండిన తల్లిపాలతో తొలి వారాలు గడిచిపోవచ్చు. లేదా ఆపరేషన్ కావలసి రావచ్చు. ఏదైనా సరే, ఆ రోజు దాకా ఊపిరి నిలవాలి. దానికి ముందుగా కావలసినది గడ్డం చిన్నగా ఉందని గమనించే కన్ను, బిడ్డను తిప్పే చేయి. అవి మీ ఇంట్లోనే ఉన్నాయి.